ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్

క్యాంపర్‌ను, అంటే వెనక తగిలించుకునే చక్రాల ఇంటిని, లాగే బండిలో డ్రైవరు మోకాలికి దగ్గరగా, డాష్‌బోర్డు కింద బిగించే చిన్న పెట్టె ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్. ముందు బండికి బ్రేకు తొక్కినప్పుడు వెనక వచ్చే ట్రైలర్ బ్రేకులకు ఎంత కరెంటు పంపాలో తేల్చడమే దాని పని. అది బ్రేకు వేయదు, ఎంత వేయాలో చెబుతుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఒక స్థాయి బరువు దాటిన క్యాంపర్‌ను లాగేవాళ్ళకు ఇది తప్పనిసరి సరంజామా. దుకాణంలో ఏ పెట్టె కొనాలన్న దాని మీద జరిగినంత చర్చ దానికి వెళ్ళే తీగల మీద, కొన్నాక చేయాల్సిన సర్దుబాటు మీద జరగదు. క్యాంపర్ సరిగా ఆగడం, ఆగకపోవడం మాత్రం ఎక్కువగా ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

దీని అవసరం తెలియాలంటే ఒక లెక్క చూడాలి. 6,000 పౌండ్ల, అంటే దాదాపు 2,720 కిలోల క్యాంపర్ గంటకు 60 మైళ్ళ వేగంతో పోతుంటే దానిలోని గతిశక్తి పది లక్షల జౌళ్ళకు కాస్త తక్కువ. మూడు లీటర్ల చన్నీళ్ళను మరిగించేంత శక్తి అది. ఆగిన ప్రతిసారీ ఆ వేడంతా ఎక్కడో ఒకచోట దిగాలి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే మొత్తం ముందు బండి డిస్కుల మీద పడుతుంది. ఆ బండి బ్రేకులను తయారీదారు దాని సొంత బరువు కోసం చేశాడు కానీ వెనక తగిలించే ఇల్లు కోసం కాదు. బస్తాల లోడుతో వాలు దిగుతున్న ట్రాక్టరును మన ఊళ్ళలో చూసినవారికి మిగతాది చెప్పనక్కర్లేదు. సొంత బ్రేకు లేని ట్రక్కు వెనకనుంచి తోసుకొస్తుంటే ట్రాక్టరు అడ్డం తిరిగి, రెండూ ముడుచుకుపోతాయి.

డ్రమ్ము లోపల

అమెరికా క్యాంపర్లలో అత్యధికం విద్యుత్ డ్రమ్ము బ్రేకులతో వస్తాయి. చక్రం ఊడదీసి డ్రమ్ము లాగితే లోపల కనిపించేది మామూలు డ్రమ్ము బ్రేకే: తిరగని వెనక పలక మీద ఎదురెదురుగా రెండు షూలు, వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు. తేడా ఒక్కటే. ఆయిల్ సిలిండరు ఉండాల్సిన చోట ఒక లివరు ఉంటుంది. లివరు కింది కొసన, తీగ చుట్ట దాచుకున్న బిళ్ళలాంటి విద్యుదయస్కాంతం వేలాడుతుంటుంది. దాని ముఖం డ్రమ్ము లోపలి చదును భాగానికి ఆనీ ఆననట్టు ఉంటుంది.

కరెంటు రాగానే ఆ బిళ్ళ తిరుగుతున్న డ్రమ్ముకు అతుక్కుంటుంది. డ్రమ్ము దాన్ని తనతో పాటు ఈడ్చుకుపోబోతుంది. ఆ ఈడ్పుకు లివరు తిరిగి షూలను బయటికి నెడుతుంది. అంటే బ్రేకు పట్టే బలంలో పెద్ద వాటా చక్రం తిరుగుడు నుంచే వస్తుంది, అయస్కాంతం దాన్ని మొదలుపెడుతుందంతే. అందుకే ఒక్కో అయస్కాంతానికి సుమారు 3 ఆంపియర్లు చాలు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలున్న క్యాంపర్ గట్టిగా బ్రేకు పడినప్పుడు కూడా 12 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. 3,500 పౌండ్ల ఇరుసుకు సాధారణంగా 10 అంగుళాల డ్రమ్ము, 5,200 నుంచి 7,000 పౌండ్ల ఇరుసుకు 12 అంగుళాల డ్రమ్ము వాడతారు.

ఈ ఏర్పాటుకు లోపమూ అక్కడే ఉంది. చక్రం తిరగకపోతే ఈడ్పు లేదు, ఈడ్పు లేకపోతే బ్రేకు లేదు. నిలబడిన ట్రైలర్‌ను వాలులో పట్టుకోవడం దీనివల్ల కాదు. చక్రాల కింద చెక్కలు పెట్టాల్సిందే. రివర్సులో కూడా పట్టు తగ్గుతుంది.

అయస్కాంతంతో చక్రాన్ని ఆపే ఈ పద్ధతి విస్కాన్సిన్ రాష్ట్రంలోని బెలాయిట్‌కు చెందిన ఆర్థర్ పి. వార్నర్ చలవ. ఆయన అప్పటికే స్పీడోమీటరు తయారీలో పేరు తెచ్చుకున్నాడు. ఆ వ్యాపారం చేతులు మారి స్టీవర్ట్-వార్నర్ అనే పేరులో మిగిలింది. 1909లో కర్టిస్ విమానం కొని, విస్కాన్సిన్‌లో మొదటిసారి గాలిలోకి లేచినవాడూ ఆయనే. వార్నర్ ఎలక్ట్రిక్ కంపెనీ పుట్టింది 1927లో. వేగం కొలిచే యంత్రంతో మొదలైన మనిషి వేగం తగ్గించే యంత్రంతో స్థిరపడ్డాడన్నమాట.

ఆలస్యం రకం, అనుపాత రకం

తొలి తరం కంట్రోలర్లు ముందు బండి బ్రేకు ఆయిలు గొట్టానికి ఒక పాయ కలిపి, ఆయిలు ఒత్తిడిని బట్టి కరెంటు పంపేవి. పనితీరు బాగుండేది. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ వచ్చాక బ్రేకు గొట్టాన్ని కోయడం ప్రమాదకరమై, ఆ పద్ధతి కనుమరుగైంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి ప్రధానంగా రెండు జాతులు.

మొదటిది ఆలస్యం రకం, కాలంతో నడిచేది. బ్రేకు లైటు వెలగగానే ఇది కరెంటు మొదలుపెట్టి, ముందే పెట్టుకున్న స్థాయికి కొద్ది క్షణాల్లో చేరుస్తుంది. డ్రైవరు మెల్లగా తాకాడా, ప్రాణభయంతో తొక్కాడా అన్నది దానికి పట్టదు. ట్రాఫిక్ సిగ్నలు దగ్గర నెమ్మదిగా ఆగుతుంటే ట్రైలర్ వెనక్కి గుంజుతుంది. నిజంగా గట్టిగా ఆగాల్సివస్తే ఆలస్యంగా అందుకుంటుంది. బిగించే కోణంతో పనిలేదు, ధర తక్కువ. దాని వైపు చెప్పదగ్గవి ఈ రెండే.

రెండోది అనుపాత రకం. దీని లోపల బండి ఎంత వేగంగా మందగిస్తున్నదో పసిగట్టే సెన్సారు ఉంటుంది. పాతవాటిలో అది అక్షరాలా లోలకమే. బస్సు ఆగినప్పుడు నిలబడినవాళ్ళు ముందుకు తూలినట్టు అదీ తూలుతుంది, ఎంత తూలితే అంత కరెంటు. కొత్తవాటిలో ఆ పని ఫోన్లలో ఉండేలాంటి యాక్సిలరోమీటర్ చిప్పు చేస్తుంది. ముందు బండి ఎంత గట్టిగా ఆగితే వెనకదీ అంతే గట్టిగా ఆగుతుంది. మిషిగన్‌లోని ఒక చిన్న ఊరి పేరు పెట్టుకున్న టెకోన్షా కంపెనీ ప్రోడిజీ, ప్రైమస్ మోడళ్ళు, కర్ట్ కంపెనీ స్పెక్ట్రమ్, ఆస్ట్రేలియాలోని రెడార్క్ కంపెనీ టో-ప్రో ఈ జాతివే. క్యాంపర్ కోసమైతే ఆలస్యం రకం వైపు చూడనవసరం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. క్యాంపరంత ఖరీదైన వస్తువు కొన్నవాళ్ళు ఇక్కడ మిగుల్చుకునే కొద్ది డాలర్లకు అర్థం లేదు.

వీటికి తోడు మరో రెండు దారులున్నాయి. ఒకటి, బండి తయారీదారే బిగించి ఇచ్చేది. ఫోర్డ్ తన 2005 సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో దీన్ని ప్రవేశపెట్టింది, ఆ తరవాత మిగతా ట్రక్కుల కంపెనీలూ అందుకున్నాయి. ఇది బండి కంప్యూటరుతో, ఏబీఎస్‌తో మాట్లాడుకుంటుంది కాబట్టి పిన్నులు, తీగలు వెతుక్కునే బాధ లేదు. టోయింగ్ ప్యాకేజీ ఉన్న ట్రక్కు కొంటున్నవాళ్ళు దీన్ని వదులుకోకూడదు. రెండోది, బండి వెనక సాకెట్టుకూ ట్రైలర్ ప్లగ్గుకూ మధ్య తగిలించి, ఫోన్ యాప్‌తో సర్దుకునేది. కర్ట్ ఎకో ఇలాంటిది. ఒకే క్యాంపర్‌ను వేర్వేరు బళ్ళతో లాగేవాళ్ళకు సౌకర్యం. కానీ ట్రైలర్ ఊగుతున్న క్షణంలో చేయి పోవాల్సిన మీట డాష్‌బోర్డు మీద కాకుండా ఫోన్ తెర మీద ఉండటం నాకు మింగుడుపడదు.

బరువులు, చట్టాలు

అమెరికాలో సొంత క్యాంపర్లకు బ్రేకు నిబంధన రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో మొత్తం బరువు 1,500 పౌండ్లు చేరిన క్యాంపింగ్ ట్రైలర్‌కు కనీసం రెండు చక్రాలకు బ్రేకులుండాలి. చాలా రాష్ట్రాల్లో గీత 3,000 పౌండ్ల దగ్గర, టెక్సాస్‌లో 4,500 దగ్గర ఉంది. చట్టం కన్నా బండి మాన్యువల్ చెప్పేదే సాధారణంగా కఠినం. ట్రైలర్ బరువు 1,000 పౌండ్లు చేరితే దానికి సొంత బ్రేకులుండటం మంచిదని హోండా మాన్యువల్ అంటుంది.

డాలస్‌లోనో బే ఏరియాలోనో తెలుగు కుటుంబాల ఇళ్ళ ముందు తరచూ కనిపించే బళ్ళను తీసుకుంటే ఈ అంకెలు ఇంకా దగ్గరగా తెలుస్తాయి. ఒడిస్సీ, సియెన్నా వ్యాన్ల లాగుడు పరిమితి 3,500 పౌండ్లు. వీ6 హైల్యాండర్‌కు 5,000. ఈ పరిమితి లోపే ట్రైలరు, అందులోని నీళ్ళు, గ్యాస్ సిలిండర్లు, సామాను అన్నీ రావాలి. కంట్రోలర్ బిగించినంత మాత్రాన పరిమితి పెరగదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ముక్కు మీద పడే బరువు కూడా లెక్కలోదే. ట్రావెల్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు బండి కొక్కెం (హిచ్) మీద ఆనాలి. ఎడ్లబండికి లోడు వేసే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, ముందు బరువెక్కితే ఎద్దు మెడ ఒరుసుకుపోతుంది. క్యాంపర్‌లో వెనక బరువెక్కితే ఊగుడు మొదలవుతుంది, ఏ కంట్రోలరూ దానికి మందు కాదు.

బిగించడం

కంట్రోలర్‌కు నాలుగే తీగలు. నలుపు బ్యాటరీ ప్లస్, తెలుపు ఎర్త్, ఎరుపు బ్రేకు లైటు స్విచ్‌కు, నీలం ట్రైలర్ బ్రేకులకు. టోయింగ్ కోసం ముందే తీగలు వేసి ఉన్న బళ్ళలో డాష్‌బోర్డు కింద ఒక ప్లగ్గు సిద్ధంగా ఉంటుంది. ఆ మోడలుకు సరిపోయే హార్నెస్ (రెండు కొసలా ప్లగ్గులున్న తీగల కట్ట) కొని, రెండు కొసలూ టక్కుమనిపిస్తే పని పది నిమిషాలు. మెకానిక్కు అవసరం కూడా ఉండదు.

ఆ ప్లగ్గు లేని బళ్ళలో అసలు పని ఉంది. ముందుగా బ్యాటరీ మైనస్ తీసేయాలి. స్టీరింగు చుట్టూ ఎయిర్‌బ్యాగ్ తీగలున్నాయి కాబట్టి ఇందులో తొందర పనికిరాదు. నల్లతీగను బ్యాటరీ దాకా విడిగా లాగాలి. లోపలి ఫ్యూజు పెట్టెలో ఖాళీ కనిపించిందని అందులో దూర్చకూడదు. మధ్యలో తనంతట తాను తిరిగి కలిసే సర్క్యూట్ బ్రేకరు ఉండాలి: రెండు నుంచి నాలుగు బ్రేకులకు 20 ఆంపియర్లది, ఆరు లేదా ఎనిమిదింటికి 30 ఆంపియర్లది. మామూలు ఫ్యూజు పోతే ఆ ప్రయాణంలో మళ్ళీ బ్రేకు ఉండదు, అందుకని ఈ ఏర్పాటు.

తెల్లతీగను డాష్‌బోర్డు లోపల దొరికిన ఏ స్క్రూ కిందో కట్టేయడం ఈ పనిలో అతి మామూలు తప్పు. రంగు పూసిన రేకుకు, ప్లాస్టిక్ మీది బ్రాకెట్టుకు ఎర్త్ దొరకదు. దొరికినట్టు కనిపించి, కరెంటు ఎక్కువ పారేసరికి చేతులెత్తేస్తుంది. శుభ్రంగా గీకిన ఛాసిస్ లోహానికి గానీ నేరుగా బ్యాటరీ మైనస్‌కు గానీ పోవాలి.

ఇక ఎర్రతీగ. వెల్లకిలా పడుకుని, తల పెడళ్ళ మధ్య పెట్టి, పైకి చూస్తే బ్రేకు పెడలు మెడ దగ్గర స్విచ్ కనిపిస్తుంది. దానిలోంచి వచ్చే తీగల్లో పెడలు వదిలినప్పుడు చచ్చి, తొక్కినప్పుడు మాత్రమే బతికే తీగ కావాలి. ఒకరు పెడలు తొక్కుతూ వదులుతూ ఉంటే, కింద ఉన్నవారు టెస్ట్ లైటుతో ఒక్కో తీగ తాకి చూస్తారు. ఎప్పుడూ వెలిగే తీగకు కలిపితే కంట్రోలర్ నిరంతరం బ్రేకు పడిందనే అనుకుంటుంది. కొత్త బళ్ళలో ఈ స్విచ్ నేరుగా లైట్లకు పోకుండా కంప్యూటరుతో సంకేతాల భాషలో మాట్లాడుతుంది. అక్కడ టెస్ట్ లైటు గుచ్చడమే ప్రమాదం. ఆ మోడలుకు తగిన హార్నెస్ తప్ప మరో దారి వెతక్కూడదు.

నీలం తీగ బండి పొడవునా వెనక్కి, ఏడు పిన్నుల సాకెట్టుకు చేరాలి. సైలెన్సరు గొట్టానికి దూరంగా, ఒరుసుకోని చోట కట్టుకుంటూ వెళ్ళాలి. నాలుగు పిన్నుల చదును ప్లగ్గు లైట్ల కోసమే, అందులో బ్రేకుకు చోటు లేదు. ఏడు పిన్నుల సాకెట్టులో తీగల రంగులకు రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకదానిలో కుడి ఇండికేటరు తీగ రంగే మరోదానిలో వెనక లైట్లకు ఉంటుంది. నీలం బ్రేకు, తెలుపు ఎర్త్ మాత్రం రెండింటిలోనూ మారవు. మిగతావాటిని రంగు చూసి కాదు, పని చూసి కలపాలి.

పెట్టెను బిగించే చోటు డ్రైవరు చేతికి అందాలి, మోకాలికి తగలకూడదు. అనుపాత రకమైతే పెట్టె నిడివి బండి పోయే దిక్కుకు సమాంతరంగా ఉండాలి. ఓ పక్కకు తిప్పి బిగిస్తే మలుపును కూడా మందగమనంగా చదువుతుంది. పైకీ కిందకీ ఎంత వాలు తట్టుకుంటుందో మోడలును బట్టి మారుతుంది. లోలకం రకాలకు దాదాపు సమంగా ఉండాలి, మూడు దిక్కుల చిప్పు ఉన్నవాటికి ఏ వాలైనా ఫర్వాలేదు. రెడార్క్ వాళ్ళు పెట్టెను డాష్‌బోర్డు వెనక దాచి, బయటికి ఒక చిన్న గుండీ మాత్రమే వదులుతారు. చూపుకు అదే అందం.

సర్దుబాటు

పెట్టె మీద కనిపించే ముఖ్యమైన అంకె గెయిన్, అంటే గరిష్ఠంగా ఎంత కరెంటు పోవాలన్న హద్దు. ఇది కంపెనీ పెట్టి ఇచ్చేది కాదు, ట్రైలరు బరువును బట్టి వాడేవారే కనుక్కోవాలి. ఖాళీగా ఉన్న, చదునైన, పొడి తారు రోడ్డు కావాలి. ఆదివారం పొద్దున్నే ఏ పెద్ద దుకాణం వెనకో అలాంటి చోటు దొరుకుతుంది. ముందు కాసేపు తిరిగి బ్రేకులు కొంచెం వేడెక్కనివ్వాలి. తరవాత గంటకు 20, 25 మైళ్ళ వేగంలో కాలు పెడలు మీద పెట్టకుండా పెట్టె మీది మీటను పూర్తిగా నొక్కాలి. ఆ మీట ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేస్తుంది.

గెయిన్ తక్కువైతే ఏమీ జరిగినట్టు ఉండదు. పెంచుతూ పోతే ఒక దగ్గర, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా పెంచితే ట్రైలరు చక్రాలు తిరగడం మానేసి రోడ్డు మీద జారతాయి. టైరు కీచుమంటుంది. బయట నిలబడి చక్రాలను చూసే మనిషి ఒకరుంటే ఇది ఇంకా తేలిక. జారిన స్థాయి నుంచి కొంచెం కిందికి దించిన అంకే ఆ రోజుకు సరైన గెయిన్. ఆ రోజుకు అనడం ఊరికే కాదు. నీళ్ళ ట్యాంకు నిండినా, వాన పడ్డా, కంకర దారి ఎక్కినా అది మారుతుంది. ఖాళీ క్యాంపర్‌కు పెట్టిన గెయిన్‌తో నిండు క్యాంపర్‌ను లాగితే బ్రేకు చాలదు, నిండుదానికి పెట్టినదాంతో ఖాళీది లాగితే టైర్లు చదునుగా అరుగుతాయి.

కొన్ని మోడళ్ళలో బూస్ట్ అనే మరో మీట ఉంటుంది. అది హద్దును మార్చదు, మొదలును మారుస్తుంది. బ్రేకు తాకగానే ట్రైలరు ఇంకాస్త ముందుగా, ఇంకాస్త గట్టిగా అందుకుంటుంది. ముందు బండి కన్నా బరువైన ట్రైలర్లకు ఇది ఉపయోగం.

చేతి మీట అసలు విలువ రోడ్డు మీద తెలుస్తుంది. పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడో అడ్డగాలి కొట్టినప్పుడో క్యాంపరు తోకలా ఊగడం మొదలవుతుంది. ఆ క్షణంలో కాలు తనంతట తాను బ్రేకు మీదికి పోతుంది, అదే పొరపాటు. ముందు బండి మందగిస్తే వెనకది దాన్ని తోస్తూ ఇంకా ఊగుతుంది. స్టీరింగు నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మెల్లగా వదిలి, మీటను కొద్దిగా నొక్కితే ట్రైలరు వెనక్కి లాగి, రెండు బళ్ళ మధ్య గొలుసు బిగిసినట్టు తిన్నగా అవుతుంది.

కొండ దిగడం వేరే కథ. కొలరాడోలో ఐ-70 రహదారి ఐసెన్‌హవర్ సొరంగం దగ్గర 11 వేల అడుగుల ఎత్తు నుంచి మైళ్ళకొద్దీ దిగుతుంది. అక్కడ ఆగకుండా బ్రేకు తొక్కుకుంటూ పోతే డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి. షూలకు డ్రమ్ము దూరమై, ఎంత కరెంటు పంపినా పట్టు రాదు. కంట్రోలర్ తెర మీద అంకె మాత్రం నిండుగానే కనిపిస్తుంటుంది. గేరు తగ్గించి ఇంజను చేత పట్టించి, బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే గట్టిగా వేసి వదలాలి.

తేడాలు, మరమ్మతు

చాలా కంట్రోలర్లు ట్రైలరు తగిలి ఉన్నదీ లేనిదీ, షార్టు ఉన్నదీ లేనిదీ తెర మీద చూపిస్తాయి. షార్టు వచ్చి పోతూ ఉంటే, ముఖ్యంగా గతుకుల మీద, ముందు అనుమానించాల్సింది ఇరుసు గొట్టంలోంచి పోయే తీగను. ఒక చక్రం నుంచి మరో చక్రానికి తీగను కంపెనీలు చాలాసార్లు ఆ గొట్టంలోంచే లాగుతాయి. లోపల ఊగి ఊగి ఇన్సులేషన్ అరిగి రాగి ఇనుముకు తగులుతుంది. కొత్త తీగను ఇరుసు పైన కట్టేస్తే సమస్య తీరుతుంది.

అయస్కాంతానికి కరెంటు అందుతోందా అన్నది తెలుసుకోవడానికి ఒక పిల్లల ఆటలాంటి పరీక్ష ఉంది. ఒకరు బండిలో మీట నొక్కితే, మరొకరు డ్రమ్ము పక్కన దిక్సూచి పట్టుకుంటారు. ముల్లు కదిలితే అక్కడికి కరెంటు వచ్చినట్టే. చెవి ఆనిస్తే చాలా కంట్రోలర్లతో సన్నని గుంయ్‌మనే రొద కూడా వినిపిస్తుంది. ఇవి కరెంటును ఒకే ధారగా కాక తునకలు తునకలుగా పంపుతాయి, ఆ రొద దానిదే. కరెంటు వస్తున్నా పట్టు లేదంటే తప్పు షూల దగ్గర. తనంతట తాను సర్దుకోని డ్రమ్ముల్లో షూల ఎడాన్ని మొదటి 200 మైళ్ళకు, ఆపైన ప్రతి 3,000 మైళ్ళకు సరిచేయమని ఇరుసుల కంపెనీ డెక్స్‌టర్ చెబుతుంది. ఈ పని ఎగ్గొట్టి గెయిన్ పెంచుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ.

యూరప్‌లో ఇదంతా వేరు. అక్కడ 750 కిలోలు దాటిన కారవాన్లకు ఓవర్‌రన్ బ్రేకు ఉంటుంది. ముందు బండి మందగించగానే ట్రైలరు ముక్కు లోపలికి నొక్కుకుని, ఆ నొక్కుడే కడ్డీల ద్వారా బ్రేకును లాగుతుంది. కరెంటూ లేదు, కంట్రోలరూ లేదు. అమెరికాలో పడవల ట్రైలర్లకు ఇదే సూత్రం ఆయిలుతో నడుస్తుంది. ఆస్ట్రేలియాలో 750 కిలోలు దాటితే బ్రేకు, 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకు తప్పనిసరి. దూరాలు, మట్టిదారులు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్ళు విద్యుత్ బ్రేకుకే ఓటేశారు.

కంట్రోలర్‌తో సంబంధం లేకుండా పనిచేసే బ్రేకు కూడా ఒకటి క్యాంపర్ ముక్కు దగ్గర ఉంటుంది. సన్నని ఉక్కు తీగకు కట్టిన పిన్ను ఉన్న బ్రేకవే స్విచ్. హిచ్ ఊడి ట్రైలరు విడిపోతే తీగ ఆ పిన్నును లాగేస్తుంది, ట్రైలరు సొంత బ్యాటరీ నుంచి బ్రేకులు పూర్తిగా పడతాయి. ఆ తీగను భద్రత గొలుసులకు కాక ముందు బండి చట్రానికి విడిగా కట్టాలి. పరీక్షించాలంటే ఏడు పిన్నుల ప్లగ్గు తీసి, పిన్ను లాగి, బండిని అంగుళం ముందుకు పోనివ్వాలి. చక్రాలు మొరాయిస్తే బాగున్నట్టు. పిన్ను వెంటనే తిరిగి దూర్చాలి. మరిచిపోతే బ్యాటరీ ఇంకిపోతుంది, అయస్కాంతాలు మాడిపోయే ప్రమాదమూ ఉంది.